పెద్దవారితో పట్నం ప్రయాణం: అలసట లేని ఒక రోజు

దసరాకో, సంక్రాంతికో, క్రిస్మస్ సెలవులకో పిల్లలు ఇంటికి వస్తారు. "అమ్మా, ఈసారి నిన్ను పట్నం తీసుకపోతం" అంటారు. అమ్మ ముఖం వెలిగిపోతుంది. పెట్టెలోని మంచి చీర తీసి పెట్టుకుంటుంది. అయితే ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం నుంచే ఆమె ఇంకొక పని కూడా మొదలుపెడుతుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పదు. నీళ్లు తాగడం తగ్గిస్తుంది. పొద్దున వేసుకోవలసిన బీపీ మాత్రను పక్కన పెట్టేస్తుంది.

మర్నాడు మధ్యాహ్నానికి కళ్లు తిరుగుతాయి. కాళ్లు తేలిపోతాయి. కొందరు ఉన్నచోటనే పడిపోతారు. ఆస్పత్రికి తీసుకొచ్చాక "నీళ్లెందుకు తాగలేదమ్మా?" అని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకేలా ఉంటుంది: "బస్సు మధ్యల ఆపుమని ఎవర్ని అడగాలె బిడ్డా? అందుకే నిన్న పొద్దుగూకినకాడికెల్లి నీళ్లు ముట్టలే."

అప్పుడు ఇంట్లో వాళ్లు ఒక నిర్ణయానికి వస్తారు. "అమ్మకు వయసైపోయింది, ఇక ఎక్కడికీ తిప్పొద్దు." ఆ ఒక్క రోజుతో ఆమెకు గడప దాటే రోజులు ముగిసిపోతాయి. నిజానికి తప్పు ఆమె వయసుది కాదు. ఆ రోజును మనం వేసుకున్న తీరుది. పెద్దవారితో ప్రయాణం అంటే ముందుగా చూడవలసిన ప్రదేశాల పట్టిక వేసుకోకూడదు. మూత్రానికి ఎక్కడ వెళ్తారు, ఎక్కడ కూర్చుంటారు, ఎన్ని మెట్లు ఎక్కుతారు అన్న మూడు లెక్కలు ముందు వేసుకోవాలి. చూడవలసినవి ఆ తరువాత.

ఇల్లు కదలడం ఎందుకు అవసరం?

పెద్దవారు పడిపోతామన్న భయంతో ఇంట్లోనే కూర్చుంటే తొడల కండరాలు, పిక్కలు బలం కోల్పోతాయి. బలం తగ్గినకొద్దీ పడిపోయే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మాట్లాడే మనుషులు లేక మనసు కుంగిపోతుంది, నిద్ర చెడుతుంది, ఆకలి మందగిస్తుంది. ఏడాదికి రెండు మూడుసార్లైనా కొత్త చోటు చూసి, నలుగురితో కలిసి భోంచేసి రావడం వారికి ఎంతో మేలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో పెద్దవారికి అనుకూలమైన నగరాలు ఎలా ఉండాలో ఒక మార్గదర్శిని ప్రచురించింది. దానికోసం వివిధ దేశాల్లోని 33 నగరాల్లో వృద్ధుల అభిప్రాయాలు సేకరించారు. వారు కోరినవి పెద్ద పెద్ద సౌకర్యాలేమీ కావు. శుభ్రమైన మూత్రశాల, కూర్చోవడానికి బల్ల, తడబడకుండా నడిచే కాలిబాట. సూర్యాపేటలోనో మిర్యాలగూడలోనో మన అమ్మను అడిగినా ఇవే చెబుతుంది. కాకపోతే సిగ్గుపడి చెప్పదు, మనమే అడగాలి.

మొదటి లెక్క: నీళ్లు, మూత్రశాల

వయసు పెరిగేకొద్దీ ఒంట్లో నీళ్లు తగ్గినా దాహం అంతగా తెలియదు. మూత్రపిండాలు నీటిని మునుపటిలా పొదుపు చేయలేవు. కనుక నీళ్లు మానేస్తే రక్తపోటు పడిపోతుంది, మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ వస్తాయి, మనిషి తికమకపడతాడు. పురుషుల్లో ప్రోస్టేట్ వాపు ఉన్నవారు గంటల తరబడి బిగపట్టుకుంటే మూత్రం పూర్తిగా ఆగిపోయే ప్రమాదం ఉంది.

కనుక ప్రతి రెండు గంటలకు ఒకసారి మూత్రశాల దొరికేలా ప్రయాణం వేసుకోండి. అవసరం ఉన్నా లేకున్నా అక్కడ ఆగండి. "వస్తోందా?" అని పదిమందిలో అడగవద్దు. "పద అమ్మా, ముఖం కడుక్కుందాం" అంటే చాలు. మోకాళ్లు వంగనివారికి కుర్చీలా కూర్చునే వెస్టర్న్ దొడ్డి ఎక్కడుందో ముందే కనుక్కోండి. ఆ ఏర్పాటు ఉందని తెలిస్తే పెద్దవారు తమంతట తామే నీళ్లు తాగుతారు. గంటకొక చిన్న గ్లాసు చొప్పున కొద్దికొద్దిగా తాగించండి. గుండె బలహీనత, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరు గారు చెప్పిన కొలత దాటకూడదు.

రెండవ లెక్క: కూర్చునే చోటు

ఇంటి దగ్గర ఆగకుండా ఎంతసేపు నడవగలరో ముందు వారంలో గమనించండి. పట్నంలో ఒక్క విడతలో దానిలో సగమే నడిపించండి. ఇంటి దగ్గర పది నిమిషాలు నడిచేవారు పట్నంలో అయిదు నిమిషాలు నడిచి కూర్చోవాలి. ఎందుకంటే అక్కడ జనం, ఎత్తుపల్లాలు, శబ్దం అన్నీ కలిసి అలసటను పెంచుతాయి. కూర్చునే చోటు దొరుకుతుందో లేదో అనుమానంగా ఉంటే తేలికపాటి మడత స్టూలు ఒకటి వెంట ఉంచుకోండి.

మూడవ లెక్క: మెట్లు

బస్సు మెట్టు ఎత్తుగా ఉంటుంది. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు పెట్టాలి. దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు దించాలి. చేతికర్ర నొప్పి ఉన్న కాలికి ఎదుటివైపు చేతిలో ఉండాలి. నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలినప్పుడు కర్ర పిడి మణికట్టు దగ్గరకు రావాలి. చాలామంది కర్రను నొప్పి వైపే పట్టుకుంటారు. అది సరికాదు.

మన ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు, బావి నీళ్లు తాగి పెరిగిన తరం ఇక్కడ ఉంది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే తాగడానికి పనికిరాదు. అటువంటి నీళ్లు ఏళ్ల తరబడి తాగినవారిలో వెన్ను, మెడ, మోకాళ్లు బిగుసుకుపోతాయి. మెడ తిరగనివారు రోడ్డు దాటేటప్పుడు పక్కనుంచి వచ్చే బండిని చూడలేరు. కనుక బండ్లు వచ్చేవైపు మీరు నిలబడి, వారి చేయి పట్టుకుని దాటించండి. బస్సులో వెనక సీట్లు వద్దు. వేగ నిరోధకాల మీద ఎగిరిపడితే బలహీనమైన వెన్నుపూసలు చితికే ప్రమాదం ఉంది. ముందు సగంలోనే కూర్చోబెట్టండి.

వారం ముందు డాక్టరు గారిని అడగండి

1. రక్తపోటు, గుండె జబ్బు: మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్ర ఏదైనా ఉందా? ప్రయాణం రోజు దాన్ని ఏ వేళకు వేసుకోవాలి? కొందరికి వేళ మార్చవచ్చు, కొందరికి మార్చకూడదు. ఇది డాక్టరు గారు చెప్పాలి గాని మనంతట మనం మానకూడదు. నాలుక కింద పెట్టుకునే మాత్ర ఉన్నవారు దాన్ని సంచి అడుగున పెట్టవద్దు. జేబులోనో, కొంగు ముడిలోనో ఉండాలి.

2. చక్కెర వ్యాధి: మాత్ర వేసుకుని, లేదా ఇన్సులిన్ తీసుకుని భోజనం ఆలస్యం చేస్తే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. బస్సు ఆలస్యమైతే ఏం చేయాలో ముందే అడగండి. ఇన్సులిన్ సీసాను ఎండలో ఆగిన కారులో వదలవద్దు. తడిగుడ్డ చుట్టిన చిన్న డబ్బాలో ఉంచండి. మంచుగడ్డలో నేరుగా పెట్టవద్దు.

3. మోకాళ్ల నొప్పులు: నొప్పి మాత్రలు ముందుజాగ్రత్తగా మింగవద్దు. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు ఉన్నవారికి అవి హాని చేస్తాయి.

4. మతిమరుపు: తెలియని చోట, జన సమ్మర్దంలో వీరు ఎక్కువ కంగారుపడతారు. పట్నానికి బదులు తెలిసిన చోటికి తీసుకెళ్లడం మేలు.

ముందు ఒక పూట ప్రయాణం చేసి చూడండి

ఏళ్ల తరబడి ఇల్లు కదలనివారిని ఒకేసారి హైదరాబాదు తీసుకెళ్లవద్దు. ముందుగా దగ్గరలో ఒక పూట తిప్పి చూడండి. సూర్యాపేట వారికి పిల్లలమర్రి కొద్ది కిలోమీటర్ల దూరమే. కాకతీయుల కాలంలో రేచర్ల రెడ్డి సామంతులు 13వ శతాబ్దం మొదట్లో కట్టించిన రాతి గుడులు అక్కడ ఉన్నాయి. మిర్యాలగూడ వారు కృష్ణా, మూసీ నదులు కలిసే వాడపల్లికి వెళ్లవచ్చు. నీళ్ల దగ్గర తడి మెట్లు దిగకుండా ఒడ్డున కూర్చుంటే చాలు. కోదాడ వారికి ఊరి పెద్ద చెరువు ఉండనే ఉంది.

పాత రాతి కట్టడాల దగ్గర ఒక జాగ్రత్త ఉంది. చెప్పులు విడిచి నడవవలసిన చోట మిట్టమధ్యాహ్నం బండలు కాలిపోతుంటాయి. చక్కెర వ్యాధితో అరికాళ్లు మొద్దుబారినవారికి ఆ వేడి తెలియదు. సాయంత్రం ఇంటికొచ్చాక బొబ్బలు కనిపిస్తాయి. అవి పుండ్లై కాలు తీసేయవలసిన దాకా కూడా రావచ్చు. అందుకని తొమ్మిదింటి లోపు వెళ్లి రండి. మందపాటి మేజోళ్లు తొడిగించండి. కొత్త చెప్పులు ప్రయాణం రోజున వేయవద్దు.

ఈ ఒక పూట ప్రయాణంలో ఎంత నడిచారు, ఎన్నిసార్లు కూర్చున్నారు, మరునాడు ఎలా ఉన్నారు అన్నది చూస్తే పట్నానికి సిద్ధమో కాదో మీకే తెలిసిపోతుంది.

సూర్యాపేట నుంచి పట్నం: ఒక నమూనా

సూర్యాపేట నుంచి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు. ఒక్క రోజులో చార్మినార్, గోల్కొండ, జంతు ప్రదర్శనశాల, ట్యాంక్‌బండ్ అన్నీ చూపించాలని చూడవద్దు. ఒక్క చోటు చాలు. పెద్దవారికి సాలార్‌జంగ్ మ్యూజియం అనువైనది. నీడలో తిరగవచ్చు, కూర్చోవచ్చు, చక్రాల కుర్చీ అడిగి తీసుకోవచ్చు. మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనం 1968లో ప్రారంభమైంది. శుక్రవారం సెలవు, కనుక ఆ రోజు బయలుదేరవద్దు.

ఉదయం 7 గంటలకు: ఇడ్లీ వంటి తేలిక ఫలహారం, వేళకు మాత్రలు.

7.30కు: బస్సు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాళ్లలోని సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. దారిలో అరగంటకొకసారి పాదాలను పైకీ కిందికీ ఇరవైసార్లు ఆడించమనండి.

10.30 ప్రాంతంలో: ఎల్బీ నగర్. మెట్రో చూడాలన్న సరదా ఉన్నవారు ఇక్కడ దిగవచ్చు. స్టేషన్లలో లిఫ్టులు ఉన్నాయి. ఎర్ర లైనులో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా రైలు మారకుండా వెళ్లవచ్చు. మోకాళ్ల నొప్పి ఎక్కువగా ఉన్నవారు మాత్రం దిగకుండా అదే బస్సులో చివరి స్టేషన్ దాకా వెళ్లడమే మంచిది. కొంత ఆలస్యమైనా దిగి ఎక్కే బాధ తప్పుతుంది. అక్కడ మూత్రశాలకు వెళ్లి, పది నిమిషాలు కూర్చుని, ఆటోలో మ్యూజియానికి చేరండి.

11.40కి: నేరుగా గంటల గడియారం దగ్గరికి వెళ్లి కూర్చోండి. ప్రతి గంటకూ చిన్న బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొట్టే గడియారం అది. పన్నెండు గంటలప్పుడు పన్నెండు దెబ్బలు వినవచ్చు. పిల్లలతో సమానంగా పెద్దవారూ సంతోషిస్తారు. ఇరవై నిమిషాల విశ్రాంతి కూడా దొరుకుతుంది.

12.30కు: భోజనం. చక్కెర వ్యాధి ఉన్నవారికి ఈ వేళ తప్పకూడదు. తరువాత అరగంట కూర్చోవాలి.

1.30 నుంచి: చక్రాల కుర్చీలో ఇంకొక రెండు మూడు గదులు. అన్నీ చూడలేదని బాధపడవద్దు.

3 గంటలకు: తిరుగు ప్రయాణం. బస్సు బయలుదేరే మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోనే ఎక్కండి. ఎల్బీ నగర్‌కు వచ్చేసరికి సీట్లు నిండిపోతాయి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. అయితే ఆ బస్సుల్లో రద్దీ ఎక్కువ. సీటు లేదంటే ఎక్కించవద్దు, తరువాతి బస్సుకు ఆగండి. ఆధార్ కార్డు వెంట ఉంచండి.

మిర్యాలగూడ, కోదాడ వారికి

మిర్యాలగూడకు రైలు ఉంది. పెద్దవారికి రైలే మేలు. లేచి నాలుగడుగులు వేయవచ్చు, దొడ్డి పెట్టెలోనే ఉంటుంది. రైలు వేళలు, ఆగే చోటు 139కి ఫోన్ చేసి కనుక్కోండి. సికింద్రాబాదులో చక్రాల కుర్చీ కావాలంటే స్టేషన్ సిబ్బందిని అడగండి. వంతెన మెట్లు ఎక్కించవద్దు, లిఫ్టు ఎటుందో అడిగి వెళ్లండి. వృద్ధులకు రైల్వే టికెట్టు రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు, కనుక దాన్ని లెక్కలో వేసుకోవద్దు.

కోదాడ నుంచి హైదరాబాదు సుమారు 180 కిలోమీటర్లు. పోనురాను ఏడెనిమిది గంటలు బస్సులోనే గడుస్తుంది. ఒక్క రోజులో అది పెద్దవారికి భారం. బంధువుల ఇంట్లో ఒక రాత్రి ఉండే వీలుంటేనే వెళ్లండి. లేదంటే వంద కిలోమీటర్ల లోపే ఉన్న విజయవాడ మంచిది. గుణదల మేరీమాత పుణ్యక్షేత్రానికి వెళ్లాలన్నది ఎందరో తల్లుల కోరిక. కొండమీద మరియతల్లి స్వరూపాన్ని 1924లో ఫాదర్ అర్లాటి గారు ప్రతిష్ఠించారు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఉత్సవానికి లక్షల మంది వస్తారు. నడవలేని పెద్దవారిని ఆ మూడు రోజులు తప్పించి, మామూలు రోజు ఉదయం తీసుకెళ్లండి. మెట్లు ఎక్కలేనివారు కింద కూర్చుని ప్రార్థించుకోవచ్చు. దేవుడు మెట్లు లెక్కపెట్టడు.

ఏ ఊరి వారికైనా నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. మార్చి చివరి నుంచి జూన్ దాకా మన ప్రాంతంలో ఎండ దెబ్బ ప్రాణాంతకం. ఆ నెలల్లో పగటి ప్రయాణం మానుకోండి. సంఘంలోని పెద్దవారినందరినీ కలిపి తీసుకెళ్లే విచారణలు కూడా ఈ చలికాలాన్నే ఎంచుకోవాలి. నడవలేని ఒక్కొక్కరికి ఒక్కొక్క యువకుడినో, యువతినో తోడుగా కేటాయించాలి. ఆ రోజుకు వారి పని అదొక్కటే.

సంచిలో ఉండవలసినవి

మందుల చీటీ, ఆ రోజు మాత్రలతో పాటు మరుసటి రోజువి కూడా, తాగునీరు, బిస్కెట్లు, ఒక అరటిపండు, గ్లూకోజు పొడి లేదా పంచదార పొట్లం, ఒక జత బట్టలు, కళ్లద్దాలు, వినికిడి యంత్రం. పేరు, ఊరు, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు, ఉన్న జబ్బులు ఒక కాగితం మీద రాసి పెద్దవారి జేబులో లేదా సంచిలో ఉంచండి. సెల్‌ఫోన్ ఛార్జింగ్ అయిపోవచ్చు, కాగితం ఎప్పుడూ పనికొస్తుంది.

ఈ గుర్తులు కనిపిస్తే

• చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి, తికమక: చక్కెర పడిపోయి ఉండవచ్చు. వెంటనే మూడు చెంచాల పంచదార లేదా గ్లూకోజు అర గ్లాసు నీళ్లలో కలిపి ఇవ్వండి. పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. తగ్గాక ఏదైనా తినిపించండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు.

• లేవగానే కళ్లు తిరగడం: పడుకోబెట్టి కాళ్ల కింద సంచి పెట్టి ఎత్తు చేయండి. ఇటువంటివారు బస్సు పూర్తిగా ఆగాక, ఒక నిమిషం కూర్చుని, అందరూ దిగాక దిగాలి.

• ఛాతీలో బరువు, ఎడమ చేతిలోకి లాగడం, ఆయాసం: కూర్చోబెట్టండి. డాక్టరు గారు ఇచ్చిన మాత్ర ఉంటే నాలుక కింద పెట్టండి. అయిదు నిమిషాల్లో తగ్గకపోయినా, మాత్ర లేకపోయినా ఆలస్యం చేయవద్దు.

• మూతి వంకర పోవడం, ఒక చేయి పడిపోవడం, మాట తడబడడం: ఇది పక్షవాతం. నాలుగున్నర గంటల లోపు తగిన ఆస్పత్రికి చేరితే గడ్డను కరిగించే మందు ఇచ్చే అవకాశం ఉంటుంది. ఎంత త్వరగా చేరితే అంత మేలు.

• ఒళ్లు కాలిపోవడం, పిచ్చిగా మాట్లాడడం: వడదెబ్బ. నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ విసరండి.

ఇటువంటి ఆపదల్లో వెంటనే 108కి ఫోన్ చేయండి. వృద్ధుల సమస్యలకు సలహా, సహాయం కోసం 14567 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది.

చివరిగా ఒక మాట

సాలార్‌జంగ్ మ్యూజియంలో తెల్లని పాలరాతి విగ్రహం ఒకటి ఉంది. ముఖం మీద పల్చని ముసుగు కప్పుకున్న స్త్రీ. ఆ ముసుగు కూడా రాయే. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఆ బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమునుంచి తెప్పించారు. ఆమె పవిత్ర గ్రంథంలోని రిబ్కా. మీ అమ్మను ఆ బొమ్మ ముందు చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి రిబ్కా కథ గుర్తుచేయండి. అబ్రాహాము ఇంటి పెద్ద దాసుడు ఎంతో దూరం ప్రయాణం చేసి బావి దగ్గరికి వచ్చినప్పుడు ఆ అమ్మాయి ఆయన ఎవరో కూడా అడగలేదు. కడవ దించి ముందు నీళ్లిచ్చింది.

మనం చేయవలసింది అంతకన్నా ఎక్కువేమీ లేదు. పట్నం మొత్తం చూపించనవసరం లేదు. దాహం వేయకముందే నీళ్లివ్వడం, అడగకముందే ఆగడం, "చాలు బిడ్డా" అన్నచోట ఆగి ఇంటికి తిరగడం. అలా తీసుకెళ్లి తీసుకొస్తే, వచ్చే ఏడాది సెలవులకు మంచి చీర తీసి పెట్టుకునేటప్పుడు ఆమె నీళ్ల గ్లాసును పక్కన పెట్టదు.

ప్రభువు మీ పెద్దలకు ఆరోగ్యాన్ని, మీకు ఓర్పును దయచేయునుగాక.